ఆడబిడ్డ కోరిన అస్సాం పువ్వు

పూల మొక్కలు పెంచేవాళ్లు మెత్తని మనుషులని లోకానికి ఒక నమ్మకం. మా ఇంటికి వచ్చినవాళ్లు వరండాలో వేలాడే ఆర్కిడ్లను చూసి, "ఎంత ప్రేమ ఉంటే ఇంత ఎండల ఊళ్లో ఇవి పూస్తాయండీ" అంటారు. నేను నవ్వి టీ ఇస్తాను. నాకు ఓపిక ఉన్న మాట నిజమే. ప్రేమ సంగతి మాత్రం వాళ్లు పొరబడ్డారు. గోదావరిఖని లాంటి చోట, ఏప్రిల్ వచ్చేసరికి ఇంటి గోడలకు కూడా జ్వరం పట్టే చోట, చల్లని కొండల పువ్వును పట్టుబట్టి పూయించడానికి ప్రేమ చాలదు. ప్రేమ మధ్యాహ్నం కాగానే అలిసిపోయి నడుం వాలుస్తుంది. పగ అయితే లేచి గోనెపట్టా తడిపి వస్తుంది. నా తోట మొత్తం మా మేనత్త రాహేలమ్మ మీద కోపంతో పెరిగింది. ఆమె బతికే ఉంది. తొంభైకి దగ్గర పడింది, మందమర్రిలో కూతురి ఇంట్లో ఉంటుంది. ఇదంతా రాయడానికి నాకేమీ జంకు లేదు. ఆమెకు చదవడం రాదు. చదివి వినిపించేవాళ్లుంటే వినిపించనీ.

కిందటేడు దసరా వెళ్లాక ఆ కూతురు, మా విమల వదిన, ఫోన్ చేసింది. "సుశీలా, వరండ మూసి ఒక అర్ర ఏపిస్తున్నం. అమ్మ చెట్టు ఉన్నది గద, గా అస్సాంది, దాన్ని ఏడ వెట్టాల్నో సమజైతలేదు. ఇన్నేండ్లల్ల ఒక్క పువ్వు పూసిన పాపాన పోలె. నువ్వు గీ చెట్లల్లనే పడి ఉంటవు గద, వచ్చి తీస్కపో. లేకుంటే పారేస్తం" అంది. అమ్మ చెట్టు అట! ఎవరి అమ్మ చెట్టు? వదిన తప్పు కాదు, ఆమెకు అలాగే చెప్పి పెంచారు. అయినా రిటైరైన టీచర్ని, నలుగురికీ నీతులు చెప్పి పెన్షన్ తీసుకుంటున్నదాన్ని, ఆ ఒక్క మాటకు మళ్లీ మా పాత క్వార్టరు వరండాలో రెండు జడలతో నిలబడి పళ్లు కొరుకుతున్న పిల్లనయ్యాను.

గని కంపెనీ ఇచ్చిన ఆ క్వార్టరు చిన్నది. రెండు గదులు, వంటిల్లు, ముందు జాలీ కట్టిన వరండా. తెల్లవారితే లైను పొడుగునా ప్రతి ఇంటి ముందూ బొగ్గు పొయ్యి రాజేసేవాళ్లు. ఆ పొగ కిందికి దిగి, ఎదురింటి మనిషి గొంతు వినిపించేదే తప్ప ముఖం కనిపించేది కాదు. పొగ కాస్త పలచబడ్డాక టిఫిను వాసనలు, తలకు రాసిన కొబ్బరి నూనె వాసన, షిఫ్టు దిగి వచ్చే మగవాళ్ల చెమ్మ బట్టల వాసన. ఆ బట్టల వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది, తడి రాయిని గీకితే వచ్చే వాసన లాంటిది. అమ్మ దేవమ్మ పొద్దున కడిగిన గచ్చు మధ్యాహ్నానికి మళ్లీ నల్లబడేది. ఓపెన్ కాస్టు బొగ్గుగనిలో బ్లాస్టింగ్ పేలితే అల్మారాలో గిన్నెలు గలగలమనేవి, కాసేపటికి సన్నని దుమ్ము వచ్చి తులసి మీదా మల్లె మీదా ఆరేసిన దుప్పట్ల మీదా కూర్చునేది. మా కాలనీ ఆడవాళ్లంతా అందుకే పొద్దున్నే చెంబుతో నీళ్లు చల్లి చెట్ల ఆకులు కడిగేవాళ్లు. ఇంట్లో పిల్లల ముఖాలు కడిగినట్టే అదీ ఒక నిత్యకృత్యం.

బాపు రెస్క్యూ జట్టు మనిషి. గనిలో మంటో గ్యాసో వస్తే, అందరూ బయటికి పరుగెత్తేటప్పుడు ముక్కుకు గొట్టాలు బిగించుకుని లోపలికి పోయే జట్టు అది. అంత ధైర్యవంతుడు అక్క ముందు మాత్రం కుక్కిన పేను. వాళ్ల తల్లి చిన్నప్పుడే పోతే రాహేలత్తే తమ్ముణ్ని చంకనేసుకుని పెంచిందట. ఆ మాట ఆమె వారానికోసారైనా గుర్తు చేసేది. మాకు నాలుగు లైన్ల అవతల, పెద్ద క్వార్టరులో ఉండేది. మామ గనిలో షిఫ్టు పని చూసే ఓవర్‌మాన్. అత్త మా ఇంటికి వస్తే ముందు వంటింట్లోకి వెళ్లి కుండల మూతలు తీసి చూసేది, ఆ తరువాతే కూర్చునేది. మా అమ్మ నోట్లో నాలుక లేని మనిషి. మూతలు మళ్లీ పెట్టుకుంటూ నిలబడేది.

ఒక ఏడాది వానలు వెనకబట్టాక రెస్క్యూ జట్ల పోటీలకని బాపును అస్సాం గనులకు పంపించారు. తిరిగొచ్చిన రోజు ట్రంకుపెట్టె తెరిచి, తడి తువ్వాలలో చుట్టిన ఒక వస్తువు తీసి అమ్మ చేతిలో పెట్టాడు. చెక్క ముక్కకు అంటుకుని వేలెడు లావు కాడలు, చెరకుగడలా గణుపులు గణుపులుగా, గణుపుకొక ఆకు. మట్టి లేదు. తెల్లని వేళ్లు గాలిలో వేలాడుతున్నాయి. "ఆడ అందరిండ్ల గోడలకు ఉంటయే. ఒకామె ఇచ్చింది. పూస్తే మస్తుంటదట. నీ కోసమని అడిగి తెచ్చిన" అన్నాడు బాపు. నీ కోసమని. నేను పక్కనే ఉన్నాను, విన్నాను. అమ్మ సిగ్గుపడి తువ్వాల మడత పెట్టింది. బాపు గని నుంచి తెచ్చిన రంగురంగుల బ్లాస్టింగ్ వైరు ముక్కలతో వరండా మేకుకు దాన్ని వేలాడదీసింది.

అత్త చూసి మూతి తిప్పింది. "ఇదేం చెట్టురా? మన్ను లేదు, మశానం లేదు. బదనిక లెక్కున్నది. ఇల్లు గుల్ల జేస్తది, పారెయ్యి" అంది. అది బదనిక కాదు. బదనిక చెట్టు రసం తాగి బతుకుతుంది. ఇది కొమ్మ మీద ఊరికే కూర్చుంటుంది, గాలిలో తేమా వానలో తడీ తాగుతుంది, కూర్చోనిచ్చిన చెట్టుకు ఏ హానీ చెయ్యదు. ఒకరి ఇంట్లో చేరి వాళ్ల సొమ్ము తినే గుణం ఎవరిదో నాకు తరువాత తెలిసింది.

ఆ చలికాలం అమ్మకు కామెర్లు వచ్చాయి. మంచం దిగలేదు. పక్కింటివాళ్లు అన్నం పంపేవాళ్లు, నేను చారు కాచేదాన్ని, చెట్టుకు నీళ్లు పోయాలన్న ధ్యాస ఎవరికీ లేదు. ఆకులు పసుపుపచ్చబడి ఒక్కొక్కటే రాలాయి. క్రిస్మస్ నాటికి ముడతలు పడ్డ బోసి కాడలు మిగిలాయి. చచ్చింది తీసెయ్యమని అత్త చెప్పిపోయింది. తీసెయ్యడానికి కూడా అమ్మకు ఓపిక లేక అది మేకునే ఉండిపోయింది. చలి విరిగే రోజుల్లో ఒక పొద్దున అమ్మ గోడ పట్టుకుని వరండాలోకి వచ్చి నన్ను పిలిచింది. ఎండిపోయాయనుకున్న కాడల గణుపుల దగ్గర మెటికల్లాంటివి ఉబ్బి ఉన్నాయి. కొన్నాళ్లకు అవి విచ్చాయి. తెల్లని రేకులు, వాటి కొసలు ఊదారంగులో ముంచి తీసినట్టు, మధ్యలో గొట్టంలా ముడుచుకున్న రేకు లోపల ముదురు వంకాయ రంగు మచ్చ. పొద్దెక్కే కొద్దీ సన్నని తేనె వాసన. మా లైనులో ఆ వాసన కోసం మా జాలీ దగ్గర ఆగని మనిషి లేడు.

అమ్మ బడికి వెళ్లలేదు. కానీ జరిగిందేమిటో ఆమె తనకు తెలిసిన లెక్కలోనే పట్టుకుంది. మా ఇళ్లలో నైట్ షిఫ్టు దిగిన మనిషి పగలు పడుకుంటే ఎవరూ లేపకూడదు. బాపు పడుకుంటే అమ్మ ఆయన టోపీ తీసి బయట తలుపు గడియకు తగిలించేది. అది చూస్తే కూరగాయలామె కూడా కేక పెట్టకుండా దాటిపోయేది. మేం ఆడుకోవడానికి పక్క లైనుకు పోయేవాళ్లం. ఎవరైనా తెలియక లేపితే బాపు నిద్ర సరిపోక ఆ రాత్రి గనిలో తూగేవాడు, గనిలో తూగితే ఏమవుతుందో ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. "ఇది గూడ చలికాలం పండుకుంటదే. మనం చెంబులు చెంబులు పోసి లేపుతే ఏం పూస్తది?" అంది అమ్మ. మరుసటి చలికాలం, దసరా వెళ్లాక నీళ్లు తగ్గిస్తూ వచ్చి, క్రిస్మస్ ముందు పూర్తిగా ఆపేసి, బాపు పాత టోపీ ఒకటి ఆ మేకుకే తగిలించింది. మేం ఎవరమూ చెంబు పట్టుకుని దాని దగ్గరికి పోలేదు. ఆ చలి కాచుకున్నాక ఎన్ని పూలు పూసిందో చెబితే నమ్మరు, కాడ కనిపించలేదు.

తమ్ముడు పుట్టింది ఆ పూల నెలలోనే. ఇరవై ఒకటో రోజున పాస్టరయ్యగారు వచ్చి ప్రార్థన చేశాక తొట్లె కట్టారు. మేం ప్రభువును నమ్ముకున్నవాళ్లమే అయినా ఇలాంటి వాటిలో పాత ఆచారాలు వదల్లేదు. తొట్లెలో వేసి పిల్లవాడి చెవిలో పేరు చెప్పేది మేనత్త. అందుకు ఆడబిడ్డ కట్నం అడుగుతుంది. అది ఆమె హక్కు. నలుగురిలో అడిగింది కాదనడం తప్పు. చీర అడుగుతారు, వెండి గిన్నె అడుగుతారు, బతిమాలించుకుంటారు, అందరూ నవ్వుతారు. అత్త కోసం అమ్మ ఒక మంచి చీర తెప్పించి పెట్టింది. అత్త దాన్ని పక్కకు నెట్టేసింది. వరండా వైపు చెయ్యి చూపించి, "నాకు చీర ఒద్దు, ఏం ఒద్దు. గా చెట్టియ్యిరి, పేరు వెడ్త" అంది.

అందరూ నవ్వారు. ఆడబిడ్డ వేళాకోళమాడుతోందనుకున్నారు. అమ్మ నవ్వలేదు. మంచం మీద పచ్చి బాలింత, ఒళ్లో బిడ్డ, బాపు వైపు చూసింది. ఆ చూపు నేను ఇంతవరకు ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. బాపు లేచి, వరండాలోకి వెళ్లి, వైరు విప్పి, పూలతో సహా దాన్ని తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. మంటల్లోకి పోయే మనిషి! "పోనియ్యి దేవమ్మా, అక్కనే గద" అన్నాడు. అత్త తమ్ముడి చెవిలో పేరు ఊది, చెట్టు చంకనేసుకుని వెళ్లిపోయింది. ఆ చీర కూడా తీసుకునే వెళ్లింది.

అక్కడితో ఆగి ఉంటే నేను మరిచిపోయేదాన్నేమో. ఆ వారమే ఈస్టర్ వచ్చింది. అమ్మ బాలింత గనుక ఇంట్లో ఉండిపోయింది, బాపు నన్ను తీసుకుని చర్చికి వెళ్లాడు. బలిపీఠం ముందు ఆ చెట్టు వేలాడుతోంది. పాస్టరమ్మగారు మురిసిపోయి ఎక్కడిదని అడిగితే అత్త గొంతెత్తి చెప్పింది. "మా తమ్ముడు నా కోసం అస్సాం నుంచి తెచ్చిండమ్మా. రొండేండ్ల సంది పెంచుతున్న. పెంచుడు రావాలె గని, పుయ్యకేం జేస్తది!" నేను బాపు చొక్కా పట్టుకుని లాగాను. ఆయన పాటల పుస్తకంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఇంటికి వచ్చి ఏడుస్తూ అమ్మకు చెబితే, "ఊకో. పూలు చర్చికే గద పోయినయి" అని బిడ్డను అటు తిప్పుకుంది. ఆ రోజు చర్చిలో ప్రసంగం క్షమాపణ గురించి. నాకు ఒక్క ముక్క ఎక్కలేదు. ఆ చెట్టు ఎవరిదో రాహేలత్త తన నోటితో నలుగురిలో చెప్పాలి, అది నేను వినాలి. బాప్తిస్మం తీసుకునేటప్పుడు కూడా నేను మనసులో అంత గట్టిగా ఏదీ అనుకోలేదు.

ఆ తరువాత అత్త దగ్గర ఆ చెట్టు పూయలేదు. ఒక్కసారి కూడా. ఎందుకు పూస్తుంది? ఆమె దానికి రోజూ పొద్దున్నే దుమ్ము పోయేలా స్నానం చేయించేది. ఎండనక చలనక చెంబెడు నీళ్లు. బియ్యం కడుగు, మేకపెంట, ఎవరో చెప్పారని యూరియా గింజలు. చలికాలం రాత్రి దానికి చలి పెడుతుందని వంటింట్లో పొయ్యి పక్కన పెట్టేది. ఇది జాతికి డెండ్రోబియం అనే ఆర్కిడ్, హిమాలయాల కింది కొండల్లో పుట్టింది. వేసవిలో ఎండా వానా కలిసి వస్తే కొత్త కాడలు వేస్తుంది. చలికాలం చలిగాలి తగలాలి, నోరు ఎండాలి. అప్పుడే గణుపు లోపలి కన్ను పువ్వవుతుంది. ఆ సమయంలో నీళ్లూ ఎరువూ వేడీ ఇస్తే అదే కన్ను పిల్లమొక్కగా మారిపోతుంది. అత్త చెట్టు నిండా గణుపు గణుపుకూ పిల్లలే. పచ్చగా, దుబ్బుగా, పూలు లేకుండా. మా ఇంటికి వచ్చి, "దేవమ్మ కండ్లు వడ్డయి" అని అమ్మ ముందే అనేది. ఒకసారి నన్ను ఆపి, "మీ అమ్మ దీనికి ఏం జేసేదే పొల్లా?" అని అడిగింది. నాకు అంతా తెలుసు. "ఏమో అత్తా" అన్నాను. ఆ మాట అన్న రోజు నాకు అన్నం ఎంత బాగా సహించిందో!

ఇంటర్ చదివే రోజుల్లో ఒకసారి వాళ్లింటికి వెళ్తే అత్త ఆ పిల్లమొక్కలను పేలు తీసినట్టు గిల్లి వాకిట్లోకి విసురుతోంది. నేను ఒకటి ఏరి లంగా కుచ్చిళ్లలో దాచుకుని తెచ్చాను. అమ్మ దాన్ని పెంకు ముక్కకు చీర పేలికతో కట్టి, పెరట్లో స్నానాల గది వెనక గోడకు తగిలించింది. వీధి వైపు పెట్టి అత్తకు కనిపించేలా చేద్దామని నేను, వద్దని ఆమె. "నా కంటికి గనవడ్తె చాలు" అంది. అది పెద్దదై పూసింది. ప్రతి ఏడాదీ ఆ స్నానాల గది వెనకే, ఎవరూ చూడని చోట పూసింది. ఇప్పుడు నా వరండాలో ఉన్నవన్నీ దాని పిల్లలూ, వాటి పిల్లలూ. అమ్మ పోయినప్పుడు ఆ పూలే కోసి పెట్టె మీద పెట్టాను. సమాధుల దొడ్డిలో రాహేలత్త కళ్లు తుడుచుకుని, ఆ పూలు వేలితో ముట్టి, పక్కామెతో అంది: "నా చెట్టు పిల్లనే ఇది." మట్టి వేసేటప్పుడు నేను ఏడవలేదు. ఏడుపు రాలేదు, అంత మండింది.

ఈ పువ్వు పెంచాలనుకునేవాళ్లు నా దగ్గరికి చాలామందే వస్తారు, పవర్ ప్లాంటు కాలనీ జ్యోతినగర్ నుంచి కూడా కార్లలో వస్తారు. వాళ్లకు నేను చెప్పేది కొంచెమే. కుండీలో మట్టి వెయ్యకండి, ఊపిరాడక చస్తుంది. పెంకు ముక్కలు, కట్టెలు కాల్చిన బొగ్గు, కొంచెం కొబ్బరి పీచు చాలు. మన ఊరి గని బొగ్గు మాత్రం వెయ్యకండి, అది రాయి, నీళ్లు పట్టదు. కుండీ చిన్నదిగా, బిగుతుగా ఉండాలి. తెల్లని వేళ్లు తడిస్తే ఆకుపచ్చగా మారతాయి, మళ్లీ తెల్లబడ్డాకే మళ్లీ నీళ్లు. మన ఎండకు పొద్దుటెండ ఒక్కటే చూపించి, తరువాత నీడకు తెచ్చి, చుట్టూ తడి గోనెలు కట్టండి. నేను మే నెలలో కూలర్ వాటివైపు తిప్పి, నేను విసనకర్రతో కూర్చుంటాను. చలికాలం మాత్రం జాలి పడకండి. మీరు దుప్పట్లు కప్పుకున్న రాత్రి దాన్ని బయట వేలాడదీయండి. ఆకు రాలితే రాలనీ. కాడ మరీ ముడతలు పడితే తడిచేత్తో తుడిచినంత నీళ్లు, అంతే. మొగ్గ పెసరగింజంత అయ్యాకే చెంబు ముట్టండి. ఊటీ నుంచి ఎవరో తెచ్చిచ్చిన సింబిడియం ఆర్కిడ్ నా దగ్గర ఆకులే వేసింది, దానికి ఇంకా చల్లని రాత్రులు కావాలి, మన దగ్గర అవి లేవు. దానితో నాకు తగవు లేదు కాబట్టి వదిలేశాను.

విమల వదిన ఫోన్ చేసిన మరునాడే మందమర్రి వెళ్లి ఆ చెట్టును తెచ్చుకున్నాను. అత్త మందులేసుకుని నిద్రపోతోంది, లేపలేదు. ఎంత పెద్దదైందో! గంపెడు కాడలు, పిల్లల మీద పిల్లలు, కింద సగం కుళ్లు. కుళ్లిందంతా కోసి, మిగిలినదాన్ని ఆరబెట్టి, బయట చలిగాలికి వేలాడదీశాను. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు. ఆకులన్నీ రాల్చింది. జనవరిలో రోజూ పొద్దున్నే దాని ముందు నిలబడి, "పండుకో, పండుకో" అనుకునేదాన్ని. ఫిబ్రవరి చివర గణుపులు ఉబ్బాయి. మార్చిలో ఒక్కసారిగా విరగబూసింది. ఇన్నేళ్లు దాచుకున్నదంతా ఒక్క నెలలో కక్కేసినట్టు పూసింది. నేను దాని ముందు కుర్చీ వేసుకుని ఎలా మాట్లాడాలో సాధన చేశాను. ఈస్టర్ ముందు జరిగే శ్రమకాలపు ప్రార్థనకు సంఘం ఆడవాళ్లంతా వదిన ఇంటికి వచ్చే రోజు ఏదో కనుక్కుని, ఆ రోజే ఆటో మాట్లాడుకుని, చెట్టును ఒళ్లో పెట్టుకుని బయలుదేరాను.

హాలు నిండా ఆడవాళ్లు. ప్రార్థన అప్పుడే ముగిసింది. అత్త దివాను మీద గోడకు ఆనుకుని ఉంది. చిక్కిపోయింది, కళ్లకు పొర కమ్మింది. ముక్కు మాత్రం అలాగే ఉంది. చెట్టును తీసుకుపోయి ఆమె ఎదురుగా స్టూలు మీద పెట్టాను. ఆడవాళ్లంతా అబ్బా అన్నారు. అత్త తల ఎత్తింది.

"ఏంది బిడ్డా గింత వాసనొస్తుంది?"

"నీ దగ్గర ఎన్నడు పుయ్యని చెట్టు అత్తా. నా తాన పూసింది. చెయ్యి వెట్టి చూడు."

ఆమె రేకుల మీద నెమ్మదిగా వేళ్లు పెట్టింది. అనుకున్నది అడిగేశాను. "ఇది ఎవరి చెట్టో ఇగ అందరి ముందట చెప్పు."

"మీ అమ్మది" అంది అత్త, పూలు తడుముతూనే. "మీ బాపు దేవమ్మ కోసం తెచ్చిండు. ఎవలు గాదన్నరు?"

నేను సాధన చేసిన మాటలన్నీ ఎటో పోయాయి. "నువ్వే అన్నవు! ఈస్టర్ నాడు, చర్చిల, నీ కోసం తెచ్చిండని!"

"అన్ననా? అని ఉంట తియ్యి. ఎవలకు యాదికున్నది." కాడల గణుపులు తడిమి, "చలికాలం నీళ్లు బందు వెట్టినవా?" అంది.

"నీకెట్ల తెలుసు?"

"మీ అమ్మనే చెప్పింది. నేను చెట్టు తెచ్చుకున్న యేడే, క్రిస్మస్ ముంగట, బిడ్డనెత్తుకుని మా ఇంటిదాక వచ్చి చెప్పింది. వదినా, ఇగ ఇది పండుకుంటది, నీళ్లు పొయ్యకు, ఆకు రాలినా భయపడకు, ఎండలొస్తే పూస్తదన్నది."

"మరి ఎందుకు పోసినవ్?"

"నమ్మలె." అత్త నా వైపు ముఖం తిప్పింది. "దాని చేతుల నుంచి గుంజుకుంటి గద. నా చెట్టు ఎండి సావాలెనని గట్ల చెప్తుందనుకున్న. దాని జాగల నేనే ఉంటే గదే చెప్తుంటి. గందుకే ఇంకో చెంబు ఎక్కువ పోసిన."

పాస్టరమ్మగారు కళ్లు ఒత్తుకుంటూ, "ఎంత మంచి మనసమ్మా మీ అమ్మది" అన్నారు. ఆడవాళ్లంతా తలలూపారు. ఎవరైనా నా చెంప మీద కొట్టినా అంత కోపం వచ్చేది కాదు. అత్త రెండు చేతులూ జోడించినట్టు పెట్టి, "ఒక్క కాడ ఇచ్చిపో బిడ్డా, ఈస్టర్‌కు చర్చిల వెట్టిస్త" అని అడిగింది. మెత్తగానే అడిగింది. నేను ఇవ్వనని చెప్పి చెట్టు ఎత్తుకున్నాను. ఒక్క రేకు కూడా రాలకుండా జాగ్రత్తగా ఎత్తుకున్నాను. విమల వదిన గేటు దాకా వెనక వచ్చి, ఆటో ఎక్కుతుంటే అంది: "ముసలిది, ఎన్నొద్దులు బతుకుతదో. ఒక్క కాడ ఇస్తే ఏం పోతుండె నీకు? నువ్వు అచ్చం మా అమ్మ తీరే సుశీలా."

ఆ ఈస్టర్‌కు నేను ఆ చెట్టును గోదావరిఖని చర్చిలో పెట్టి, అమ్మ పేరు పాస్టరుగారితో చెప్పించాను. అనుకున్నదంతా జరిగింది. కానీ ఆటోలో మొదలైన ఆలోచన మాత్రం నన్ను వదలడం లేదు. చలిలో, చంకలో బిడ్డతో, నాలుగు లైన్లు నడిచి వెళ్లి తన చెట్టు లాక్కున్నదానికి దాన్ని పూయించే పద్ధతి చెప్పి వచ్చింది అమ్మ. నాతో ఒక్క మాట అనలేదు. అది మంచితనమని సంఘమంతా అంటోంది. నేను మాత్రం ఒప్పుకోను. ఆడబిడ్డ గుణం అమ్మకు నాకంటే బాగా తెలుసు. నిజం చెబితే నమ్మదనీ, చెప్పినందుకే ఇంకా నీళ్లు పోస్తుందనీ తెలిసే వెళ్లి చెప్పింది. ఇన్నేళ్లు ఆ పెద్ద క్వార్టరులో చెట్టు పూయకుండా ఆపింది నా మౌనం కాదు, మా అమ్మ చెప్పిన నిజమే. నేను అలాగే నమ్ముతాను. లేకపోతే నా ఈ గుణం నాకు ఎవరి నుంచి వచ్చినట్టు? మందమర్రిలో దివాను మీద కూర్చున్న ఆ ముసలిదాని నుంచి వచ్చిందని ఒప్పుకోవాలి. చచ్చినా ఒప్పుకోను.